టైర్లు కొనేది మే నెల కోసం కాదు, నవంబరు కోసం

మా వైపు స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లతో మాట కలిపితే ఇంజను గురించి, సైలెన్సర్ శబ్దం గురించి, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు అనే దాని గురించి గంటలకొద్దీ చెప్తారు. టైర్ల సంగతి ఎత్తగానే "గ్రిప్పు ఇంకా ఉంది కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నా అభ్యంతరమంతా ఆ ముక్క మీదే.

నెల్లూరులో ఉంటూ ఏడాదికి కాస్తో కూస్తో తిరిగే స్పోర్ట్స్ కారు విషయంలో టైరు మార్చాలా వద్దా అన్నది ముందుగా చెప్పాల్సింది దాని తయారీ తేదీ. టైరు మీది గాడుల లోతు, అంటే మనవాళ్లు గ్రిప్పు అనేది, తర్వాతి మాట. ఇక కొత్తది ఏది కొనాలో తేల్చాల్సింది మన రోహిణి ఎండలు కాదు, కార్తీక మాసం వానలు. ఇది నేను గట్టిగా నమ్ముతున్న విషయం. ఇలాంటి కారున్న ప్రతి ఒక్కరితో వాదించడానికి నేను సిద్ధం.

నాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఆడి టీటీ, మూడో తరం, క్వాట్రో, అంటే ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పే రకం. హంగరీలోని గ్యోర్ ఫ్యాక్టరీ నుంచి 2023 నవంబరులో చివరి టీటీ బయటికొచ్చింది, ఆ తర్వాత ఆ మోడలే లేదు. అంటే చేతిలో ఉన్నదాన్నే కంటికి రెప్పలా చూసుకోవాలి. దాని టైరు సైజు 245/40 ఆర్18. టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, అంటే 98 మిల్లీమీటర్లు. రిమ్ము 18 అంగుళాలు. ఈ అంకెలతో ముందు ముందు పని ఉంది.

మొదట వయసు సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెలాఖరులో నెల్లూరులో గాలి వేడే 44, 45 డిగ్రీలు తాకుతుంది. తారురోడ్డు అంతకంటే ఎంతో ఎక్కువ కాలుతుంది. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పెట్టిన కారు టైరుని చేత్తో తాకి చూడండి, ఒక్క అంగుళం కూడా తిరగకుండానే అది వేడెక్కి ఉంటుంది. రబ్బరుకు గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ శత్రువులు. వేడి వాటికి తోడైతే పని ఇంకా వేగంగా జరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య దాదాపు రెట్టింపు వేగంతో నడుస్తుందని ఇంటర్‌లో చదువుకున్న ఉజ్జాయింపు సూత్రం ఇక్కడా పనికొస్తుంది. జర్మనీలో ఒక టైరు ఎన్నేళ్లకు ముదురుతుందో, మన దగ్గర అంతకంటే ముందే ముదురుతుంది. రబ్బరును మెత్తగా ఉంచే నూనెలు మెల్లగా పోతాయి, రబ్బరు బిరుసెక్కుతుంది. స్పోర్ట్స్ టైరు పట్టంతా ఆ మెత్తదనంలోనే ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. టైరు రబ్బరులో ఓజోన్ నుంచి కాపాడే మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ, నలుగుతూ ఉంటేనే అవి పైకి వచ్చి పొరలా పరుచుకుంటాయి. రోజూ తిరిగే ట్యాక్సీ టైరుకు ఆ రక్షణ దొరుకుతుంది. కవరు కప్పి ఆదివారం మాత్రమే బయటికి తీసే కారుకు అంతగా దొరకదు. తక్కువ తిప్పుతున్నాం కాబట్టి టైరు ఎక్కువకాలం వస్తుందనే లెక్క ఇక్కడే తప్పుతుంది. కిలోమీటర్ల లెక్కన అది కొత్తదే, ఏళ్ల లెక్కన ముసలిది.

తేదీ చూడటం కష్టం కాదు. పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివర ఉన్న నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3219 అని ఉంటే 2019లో 32వ వారం, అంటే ఆగస్టులో తయారైందని. ఆ నాలుగంకెలు చాలా టైర్లకి ఒక వైపే ఉంటాయి. ఒక్కోసారి అది కారు లోపలి వైపుకి పడుతుంది. అప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నేల మీద పడుకుని, ఫోన్ టార్చి వేసి చూడాల్సిందే. బద్ధకించి వదిలేయకండి. చూసేటప్పుడే గాడి అడుగున గోటితో గీరండి. వెంట్రుకంత సన్నటి పగుళ్లు వరసగా కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే, గాడులు ఎంత లోతున్నా సరే.

ఎన్నేళ్లకు మార్చాలి? మిషెలిన్ సలహా ఏమిటంటే ఐదేళ్లు దాటాక ఏటా తెలిసినవాళ్లతో చూపించుకోవాలి, తయారై పదేళ్లు నిండితే బాగా కనిపించినా మార్చేయాలి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. ఆ పదేళ్ల లెక్క ప్రపంచం మొత్తానికి వేసిన గరిష్ఠ హద్దు. మన ఎండలకు, అందులోనూ స్పోర్ట్స్ కారుకు, ఆరేళ్లే హద్దు అని నేను పెట్టుకున్నాను. నా కారుతో వచ్చిన టైర్లు ఆ హద్దు దాటేశాయి. గాడులు మాత్రం సగానికి పైగా మిగిలే ఉన్నాయి.

టైర్ల షాపులో అబ్బాయికి అదే చెప్తే నమ్మలేనట్టు చూశాడు. "గ్రిప్పు ఇంకా చానా ఉంది సార్, ఇంకో రెండేళ్లు లాగొచ్చు. ఎందుకు సార్ అంత డబ్బు?" అన్నాడు. నా డబ్బు మిగల్చాలనే అన్నాడు, మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఈ సలహానే ఊరూరా, షాపు షాపులో, రోజూ ఇస్తున్నారు. ఆల్టోకో డిజైర్‌కో ఇచ్చినప్పుడు కూడా అది సరైన సలహా కాదు. 200 గుర్రాల బలం దాటిన కారుకైతే ప్రమాదకరం.

2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కారు 2005 నాటి పోర్షె కరేరా జీటీ. ప్రధాన కారణం వేగమేనని దర్యాప్తు తేల్చింది, దానిలో సందేహం లేదు. అదే దర్యాప్తులో ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివని కూడా బయటపడింది. అంత విలువైన కారు, తక్కువ తిరిగిన కారు, పాత టైర్లు. మన షెడ్లలో కవర్ల కింద ఉన్న కార్లలో చాలావాటి పరిస్థితి ఇదే.

ఇక వాన. నెల్లూరు జిల్లాకి ఏడాదిలో పడే వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. అదీ సన్నగా, నెమ్మదిగా పడదు. వాయుగుండం పట్టిందంటే కుండపోతే. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు కట్ట కొట్టుకుపోయింది. అలాంటి రోజున ఏ టైరూ కాపాడదు, ఇంట్లో కూర్చోవాలి. నేను అంటున్నది మామూలు వానరోజు గురించి. సాయంత్రం కావలి నుంచి ఇంటికి వస్తుంటే కొడవలూరు దాటాక దబదబా పడే వాన గురించి. హైవే మీద లారీలు నడిచే ఎడమ వరసలో చక్రాల జాడలు పల్లంగా దిగిపోయి ఉంటాయి. వాటిలో నీళ్లు కాలవల్లా నిలుస్తాయి. వెంకటాచలం దగ్గర కృష్ణపట్నం పోర్టు లారీలు కలిసేచోట ఇంకా ఘోరం. లారీని దాటుదామని వరస మారినప్పుడు ఒక వైపు చక్రాలు ఆ నీళ్లలో, ఇంకో వైపు చక్రాలు పలచటి తడి మీద పడతాయి. స్టీరింగ్ ఒక్క క్షణం చేతిలో బరువు కోల్పోతుంది. ఆ క్షణం తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

దాని లెక్క ఒకసారి వేసి చూద్దాం. వంద కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీళ్లున్నాయనుకోండి. 245 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు ఒక్క సెకనులో తన దారిలో ఎదుర్కొనే నీళ్లు 20 లీటర్లు. ఇంటికి వేయించుకునే మినరల్ వాటర్ క్యాను నిండా ఉండేన్ని నీళ్లు. ప్రతి సెకనుకు ఒక క్యాను నీళ్లను ఆ టైరు పక్కకి తోసేయాలి, అప్పుడే రబ్బరు రోడ్డుని తాకుతుంది. మా వీధిలో పాత ఆల్టో 800 ఉంది. దాని టైరు వెడల్పు 145. అదే వేగంలో అది ఎదుర్కొనేది 12 లీటర్లే. వెడల్పు టైరు పొడి రోడ్డు మీద రాజు, నిలిచిన నీళ్లలో మాత్రం దాని పని సన్న టైరు కంటే కష్టం. స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు ఈ విషయం ఎవరూ చెప్పరు. పెద్ద టైర్లు కాబట్టి వానలో ఇంకా బాగా పట్టుకుంటాయని అనుకునేవాళ్లే ఎక్కువ.

విమానాలు తడి రన్‌వేల మీద జారిపోవడం గురించి 1960ల్లో నాసాలో పరిశోధన జరిగింది. నీళ్లు బాగా నిలిచిన చోట, గాడుల సాయం లేని టైరు ఏ వేగానికి నీటి మీద తేలుతుందో టైరులోని గాలి ఒత్తిడిని బట్టి లెక్కగట్టే సూత్రం అక్కడి నుంచి వచ్చింది. ఆ లెక్క ప్రకారం 36 పీఎస్ఐ గాలి ఉంటే దాదాపు 100 కిలోమీటర్ల వేగంలో తేలుతుంది. గాలి 25కి దిగితే 83 కిలోమీటర్లకే. గాడులున్న కారు టైరుకు అంకెలు కొంచెం మారతాయి, దిశ మాత్రం మారదు. గాలి తగ్గినా, గాడులు తగ్గినా టైరు ముందే తేలిపోతుంది. టైరు గాడుల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. అవి సమం అయ్యేదాకా ఆగమంటారు. స్పోర్ట్స్ కారుతో మన హైవే మీద నవంబరులో తిరిగేవాళ్లు 3 మిల్లీమీటర్ల దగ్గరే కొత్తవాటి గురించి ఆలోచించాలి. లోతు కొలిచే చిన్న గేజు పెద్ద ఖరీదు కాదు, డ్యాష్‌బోర్డు అరలో పడేసుకోండి.

"నీది క్వాట్రో కదా, నాలుగు చక్రాలూ తిప్పుతుంది, వానలో నీకు టెన్షన్ ఎందుకు?" అని మా బావ అంటుంటాడు. నాలుగు చక్రాలు తిప్పితే కారు జారకుండా బయల్దేరుతుంది, మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు బాగా లాగుతుంది. ఆగడానికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. బ్రేకు వేస్తే ప్రతి కారుకీ నాలుగు చక్రాలే. కారు జారకుండా చూసే ఏబీఎస్, ఈఎస్‌పీ ఎంత తెలివైనవైనా, టైరు రోడ్డుని పట్టుకున్నంతవరకే వాటి తెలివి పనిచేస్తుంది. కారుకీ రోడ్డుకీ మధ్య ఉన్నది నాలుగు అరచేతులంత రబ్బరు, అంతే. దాని దగ్గర డబ్బులు మిగిల్చి మ్యూజిక్ సిస్టమ్ మీద పెట్టేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

టైరు మీద ఉండే మార్కులు చూసి వానకి ఏది మంచిదో తేల్చుకోవచ్చా? కొంతవరకే. అమెరికా పద్ధతిలో ట్రెడ్‌వేర్ అంకె (ఎంత ఎక్కువైతే టైరు అంత నెమ్మదిగా అరుగుతుందని), ట్రాక్షన్ అక్షరం, టెంపరేచర్ అక్షరం ముద్రిస్తారు. ట్రెడ్‌వేర్ అంకె టెక్సాస్‌లోని శాన్ ఏంజెలో చుట్టూ ఉన్న రోడ్ల మీద ఒక ప్రామాణిక టైరుతో పోల్చి నడిపే పరీక్ష మీద ఆధారపడుతుంది. చివరికి అంకె వేసేది టైరు కంపెనీయే. అందుకే ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 300తో సమానమని అనుకోకూడదు. ట్రాక్షన్‌లో ఏఏ అని ఉంటే అన్నింటికంటే మేలు అంటారు. ఆ పరీక్ష తడి రోడ్డు మీద గంటకు 40 మైళ్ల వేగంలో, నేరుగా వెళ్తూ బ్రేకు వేసినప్పుడు ఎంత పట్టు ఉందనేదే కొలుస్తుంది. మలుపులో సంగతి, నీళ్ల మీద తేలే సంగతి అందులో లేవు. యూరప్ లేబుల్‌లో తడి పట్టుకి ఏ నుంచి ఈ వరకు అక్షరాలుంటాయి. అదీ పలచటి తడి మీద, కొత్త టైరుతో చేసిన పరీక్షే. 2024 జూలై నుంచి యూరప్‌లో కొత్త రకం టైర్లకి అరిగిన స్థితిలో కూడా తడి పట్టు పరీక్ష తప్పనిసరి చేశారు. నన్నడిగితే ఎప్పుడో చేయాల్సిన పని. నడిచేది కొత్త టైరు మీద కొన్ని నెలలు, సగం అరిగిన టైరు మీద ఏళ్లు.

ఇవన్నీ చూశాక నేను ఏ రకం కొనాలనుకున్నానో చెప్తాను. ఆల్ సీజన్ మొదటే పక్కన పెట్టాను. అన్ని కాలాలకీ అంటే వానకి కూడా మంచిదే కదా అని చాలామంది దాన్ని అడుగుతారు. అది మంచు పడే దేశాల కోసం సర్దుబాటు చేసిన రబ్బరు. సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే చలిలో బిరుసెక్కుతుంది, అక్కడ దానికి చలికాలం వేరే టైరు కావాలి. సంక్రాంతి తెల్లవారుజామున కూడా నెల్లూరులో ఆ చలి దరిదాపుల్లోకి రాదు. మనకి జనవరి కూడా సమ్మర్ టైరు కాలమే. వెచ్చటి తడి రోడ్డు మీద మంచి సమ్మర్ టైరు ఆల్ సీజన్ కంటే ముందే ఆగుతుంది.

ఇంకో చివర రేస్ ట్రాక్ కోసం చేసే టైర్లున్నాయి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 ట్రెడ్‌వేర్ 180. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో తిప్పడానికి అద్భుతం. దాని గాడులు తక్కువ, లోతు తక్కువ. ట్రాక్‌కి వెళ్లి వచ్చిన ఒక కుర్రాడు అదే టైర్లతో ఒంగోలు పెళ్లికి బయల్దేరాడు. టంగుటూరు దగ్గర వాన పట్టుకునేసరికి లారీల వెనక నలభైలో నడుపుకుంటూ వెళ్లాడట. తెలివైనవాడు, వేగం తగ్గించుకున్నాడు. ఫొటోల కోసం ఆ టైర్లు వేసి, వాన వచ్చినా వేగం తగ్గించనివాళ్ల గురించే నా భయం.

మిగిలింది మధ్యలో ఉన్న రెండు వరసలు. పైలట్ స్పోర్ట్ 4ఎస్, పిరెల్లి పీ జీరో, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్ లాంటివి పై మెట్టు. పైలట్ స్పోర్ట్ 4, కాంటినెంటల్ మ్యాక్స్ కాంటాక్ట్ ఎంసీ6 లాంటివి దాని కింది మెట్టు. పై మెట్టువి పొడి రోడ్డు మీద మలుపుల్లో ఇంకా పదునుగా ఉంటాయి. ఆ పదును నేను ఎక్కడ వాడుకోవాలి? జాతీయ రహదారి మీద కార్లకి హద్దు వంద కిలోమీటర్లు. ఊళ్లో మినీ బైపాస్ మీద సాయంత్రం ముప్పై దాటితే గొప్ప. మలుపులు కావాలంటే ఘాట్ రోడ్లు వెతుక్కుంటూ పోవాలి. వానలో నీళ్లు తోసేయడం, తడిలో నమ్మకంగా ఆగడం, గుంతలో పడితే కాస్త ఓర్చుకోవడం, ఈ మూడూ నాకు రోజూ కావాలి. అందుకే పైలట్ స్పోర్ట్ 4 వైపు మొగ్గాను. దాని ట్రెడ్‌వేర్ 320, నిడివిగా లోతైన గాడులు. దాని తర్వాతిది 5 కూడా 2022లో వచ్చింది. సరైన తేదీతో ఏది దొరికితే అది తీసుకోవచ్చు, ఈ వరసలో బ్రాండు కంటే తేదీకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

దొరకడమే అసలు సమస్య. నెల్లూరు షాపుల్లో ఈ సైజు నిల్వ ఉండదు, చెన్నై నుంచి తెప్పించాలి. కేంద్రం 2020 జూన్‌లో టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. ఆ తర్వాత లైసెన్సు లేకుండా తెప్పించడం కుదరదు. దేశంలో తయారు కాని స్పోర్ట్స్ సైజులకి ఆ దెబ్బ గట్టిగా తగిలింది. ఒక టైరు దొరికితే చాలు అనుకునే పరిస్థితి వచ్చింది. ఆ పరిస్థితిలోనే పాత నిల్వలు అమ్ముడవుతాయి. ఒక డీలరు నాకు రెండు టైర్లు ఒక ఏడాదివి, రెండు టైర్లు అంతకు రెండేళ్ల ముందువి పంపాడు. ఫోన్‌లో తేదీ అడిగితే "ఫ్రెష్ స్టాక్ సార్" అన్నవాళ్లే. ప్యాకింగ్ కాగితం చింపి అంకెలు చదివి, నాలుగూ వెనక్కి పంపేశాను. గోడౌన్‌లో ఉన్నంత మాత్రాన టైరు వయసు ఆగదు, అందులోనూ చెన్నై ఎండలో రేకుల గోడౌన్ అయితే అస్సలు ఆగదు. ఆర్డరు పెట్టకముందే పక్కగోడ ఫొటో పంపమని అడగండి. నాలుగంకెలు స్పష్టంగా కనిపించాలి, నాలుగు టైర్లవీ కనిపించాలి. ఏడాది లోపువి అయితేనే డబ్బు వేయండి. ఐఎస్ఐ మార్కు ఉందో లేదో కూడా అదే ఫొటోలో చూడండి. అది లేని టైరు ఇక్కడ చట్టబద్ధంగా అమ్మకూడదు, ఎంత చవకైనా వద్దు.

మనకి ఇంత దగ్గరలో, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది. ఆ కంపెనీ చేతిలోనే నెదర్లాండ్స్‌కి చెందిన వ్రెడెస్టైన్ 2009 నుంచి ఉంది. వ్రెడెస్టైన్ స్పోర్ట్స్ టైర్లు ఇప్పుడు మన మార్కెట్లో కూడా అమ్ముతున్నారు. నా సైజులో, సరైన లోడు, స్పీడు గుర్తులతో, మన గడ్డ మీద తయారై నెల తిరక్కుండా షాపుకి చేరే టైరు దొరికితే మరుసటి సారి కళ్లకద్దుకుని కొంటాను. మన వేడికి తాజా టైరే మంచి టైరు.

ఆ గుర్తుల సంగతి కూడా చెప్పాలి. నా సైజు పక్కన 97వై అని ఉంటుంది. 97 అంటే ఒక్కో టైరు 730 కిలోలు మోయగలదు. వై అంటే 300 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. వందకి మించి నడపం కదా, హెచ్ గుర్తు చాలదా, అది 210 దాకా ఓకే కదా అని షాపులో అడుగుతారు. ఎక్కువ స్పీడు గుర్తున్న టైరు లోపలి కట్టుబడి వేరు, వేడిని తట్టుకునే శక్తి వేరు. మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న తారు మీద ఆ శక్తి వంద వేగంలో కూడా పనికొస్తుంది. కారు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఏముందో దానికంటే తగ్గొద్దు.

సైజు మార్చడం మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. అందరూ 19, 20 అంగుళాల రిమ్ములకి పోతున్నారు. నేనైతే ఇంకో అంగుళం కిందికే దిగమంటాను. 245/45 ఆర్17 తీసుకోండి. దాని మొత్తం ఎత్తు 652 మిల్లీమీటర్లు, నా 18 అంగుళాలది 653. స్పీడోమీటరుకు తేడా తెలియదు. పక్కగోడ మాత్రం 98 నుంచి 110కి పెరుగుతుంది. అదే 245/35 ఆర్19 వేస్తే 86కి పడిపోతుంది. పొదలకూరు రోడ్డులో వాన నీళ్ల కింద దాగిన గుంత, చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల నుంచి జారిపడిన రాతిముక్క, ఈ రెండింటి ముందు ఆ 24 మిల్లీమీటర్ల తేడా చాలా పెద్దది. పక్కగోడ నలిగి లోపలి దారాలు తెగితే టైరు మీద బుడగ లేస్తుంది. దానికి పంక్చరు వేయరు, టైరు మార్చడమే. 17 అంగుళాల రిమ్ములు బ్రేకులకి తగలకుండా పడతాయో లేదో చూసుకోవాలి, అది ఒక్కటే షరతు.

క్వాట్రో కార్లకి ఇంకో షరతు ఉంది, నాలుగూ ఒకేసారి మార్చాలి. టీటీలో వెనక చక్రాలకి శక్తిని పంపేది హాల్డెక్స్ క్లచ్. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి అయితే చక్రాల చుట్టుకొలత తేడా వస్తుంది. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. ఆ తేడాని క్లచ్ కిలోమీటరు కిలోమీటరుకీ మోస్తూ వేడెక్కుతుంది. రెండు టైర్ల డబ్బు మిగిల్చి క్లచ్ బిల్లు తెచ్చుకున్నట్టవుతుంది. ఖర్చు ఎక్కువే, కాదనను. ఒక్కోటి ఇరవై వేల పైమాటే. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అదొక ఊరట.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. చాలా స్పోర్ట్స్ టైర్లకి లోపలి వైపు, బయటి వైపు వేరుగా ఉంటాయి. పక్కగోడ మీద అవుట్‌సైడ్ అని రాసి ఉంటుంది, ఆ వైపు బయటికి కనిపించాలి. తిరగేసి వేస్తే నీళ్లు తోసే గాడులు, మలుపులో ఒత్తిడి మోసే దిమ్మలు తారుమారు అవుతాయి. హడావిడిలో ఇలా వేసిన కార్లు నేను రోడ్డు మీద చూశాను. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అదే రోజు చేయించండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అచ్చు నుంచి టైరు తేలిగ్గా ఊడి రావడానికి పూసిన పూత పైన ఉంటుంది, అది పోయేదాకా అసలు పట్టు రాదు. కొత్త టైర్లు వేసిన సాయంత్రమే వాన పడితే మరీ జాగ్రత్త.

గాలి ఉదయాన్నే, కారు కదలకముందు చూసుకోవాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఒకటిన్నర, రెండు పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం పెట్రోలు బంకులో 36 చూపించింది కదా అని సంతోషిస్తే, అదే టైరు వానపడే చల్లని సాయంత్రం 32లో ఉంటుంది. నైట్రోజన్ కొట్టించమని అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ కోసం ఎక్కడికో పోయి నెలకోసారి చూసుకోవడం కంటే, ఇంటి దగ్గరి బంకులో ఉచిత గాలితో పది రోజులకోసారి చూసుకోవడం మేలు. దసరాకి ఆయుధ పూజ రోజు బండికి గుమ్మడికాయ కొట్టే ప్రతి ఇంట్లో ఆ పొద్దున్నే గేజు కూడా బయటికి తీయాలని నా కోరిక. వానలు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

చివరిగా, ఊడదీసిన పాత టైర్లు. వాటికి గాడులు ఉన్నాయి కాబట్టి కొనేవాళ్లు ఉంటారు. నా టైర్లు కింద పెట్టీ పెట్టకముందే షాపులో ఒకాయన ధర అడిగాడు. ఎవరి కారుకో వేస్తారు, ఆ కారులో పిల్లలు కూర్చుంటారు, తేదీ చదివేవాళ్లు ఎవరూ ఉండరు. నాకు పనికిరాదని తీసేసిన టైరు వాళ్లకి ఎలా పనికొస్తుంది? నాలుగింటి పక్కగోడలూ కోసేయమని షాపు అబ్బాయిని అడిగాను. వింతగా చూశాడు కానీ, కత్తి తెచ్చి కోశాడు. తర్వాత వాటిని రబ్బరు పొడి చేసేవాళ్ల లారీలో వేయించాను.